తార్నాక బల్ల మీద సముద్రపు నులిపురుగు: ముందు బొమ్మ, ఆ తరువాతే పేరు

కాజా డబ్బా ఒక సంచిలో, బురద సీసాలు ఇంకో సంచిలో. మా చెల్లెలు కాకినాడలో గౌతమి ఎక్కినప్పుడల్లా తెచ్చే సామాను ఇదే. సికింద్రాబాద్ స్టేషన్లో నేను ముందు ఏ సంచికి చెయ్యి చాస్తానో చూసి మా మరిది ఇప్పటికీ నవ్వుతాడు.

డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళ పైన జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఉండేది తార్నాకలో. సముద్రపు నులిపురుగులను గుర్తుపట్టడం నేర్పమని ఎమ్మెస్సీ పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికి వస్తుంటారు. వచ్చిన ప్రతివాళ్ళకీ అదే పాఠం మొదటినుంచీ చెప్పే ఓపిక తగ్గింది. అందుకే రాసి పెడుతున్నాను. సముద్రం లేని ఊళ్ళో ఈ పనేంటి మేడమ్ అని అడిగేవాళ్ళకు నా జవాబు ఒక్కటే. ప్రగతినగర్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇంకాయిస్ ఉంది, దేశం మొత్తానికి సునామీ హెచ్చరిక వెళ్ళేది అక్కణ్ణుంచే. వాళ్ళకు అడ్డురాని దూరం నాకు మాత్రం ఎందుకు అడ్డొస్తుంది?

వంగతోటలో వేళ్ళకు బుడిపెలు తెప్పించే నులిపురుగు, పిల్లల కడుపులో ఏలికపాము అందరికీ తెలిసినవే. వాటి చుట్టాలే సముద్రపు అడుగు మట్టిలో ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్నాయి. చాలావాటి పొడవు అర మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్లు. ఉప్పుటేటి బురదలో చదరపు మీటరుకు పది లక్షలు ఉన్నా వింత కాదు. ఈ పరిమాణంలో మట్టిలో బతికే జంతువులన్నిటికీ కలిపి మీయోఫానా అని 1942లో మోలీ మేర్ పేరు పెట్టింది. అందులో సగానికి పైగా, చాలాచోట్ల పదింట ఏడెనిమిది, నులిపురుగులే. ఇప్పటిదాకా పేరు పెట్టిన సముద్రపు జాతులు 7,000 దరిదాపు. పేరు పెట్టనివి అంతకు ఎన్నో రెట్లు. అంటే మీ సీసాలో కొత్త జాతి ఉండే అవకాశం నిజంగానే ఉంది. ఈ మాట చెప్పగానే పిల్లల కళ్ళు మెరుస్తాయి. ఒకప్పుడు నా కళ్ళూ మెరిశాయి, దాని ఫలితం కాసేపట్లో చెప్తాను.

బురద తేవడం

50 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సిరంజి కొని, సూది తగిలించే కొసను యాక్సా బ్లేడుతో అడ్డంగా కోసేయండి. అంచు గరుకుగా ఉంటే ఉప్పు కాగితంతో రుద్దండి. పిస్టన్‌ను బురద పైభాగానికి ఆనించి పట్టుకుని, బయటి గొట్టాన్ని మాత్రం కిందికి దించాలి. పిస్టన్‌ను పైకి లాగితే మట్టి కలగాపులగం అవుతుంది. లోపలి వ్యాసం కొలిచి నోటుబుక్కులో రాసుకోండి. నా సిరంజిది 2.7 సెం.మీ., అంటే వైశాల్యం 5.7 చదరపు సెం.మీ. చివర్లో లెక్కను 10 చదరపు సెం.మీ.కు మార్చి చెప్పాలి, ఈ రంగంలో అందరూ చెప్పుకునే కొలత అది. బురదలో జనాభా ఎక్కువగా పై రెండు సెంటీమీటర్లలోనే ఉంటుంది. అందుకని పై రెండు సెంటీమీటర్లు ఒక సీసాలో, కింది మూడు ఇంకో సీసాలో. చీటీ ట్రేసింగ్ కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. పెన్నుతో రాసిన చీటీ ఇల్లు చేరేసరికి తెల్లకాగితం అవుతుంది.

కోరంగి మడ అడవి అభయారణ్యం, అక్కడ మట్టి తీయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. మా చెల్లెలు దాని జోలికి పోకుండా ఊరి పక్క ఉప్పుటేటి ఒడ్డునే తీస్తుంది. ఇసుక కావాలనుకున్నప్పుడు చీరాల దగ్గర వాడరేవు అనే ఊరికి నేనే వెళ్తాను. రెండూ చూడటం అవసరం. బురదలో దొరికేవి మామూలుగా నున్నగా, సాదాగా ఉంటాయి. ముతక ఇసుకలో దొరికేవాటికి గీతలూ, ముళ్ళూ, పొడుగాటి వెంట్రుకలూ, నగలు పెట్టుకున్న పెళ్ళికూతుళ్ళలా ఉంటాయి.

పురుగులు కుళ్ళకుండా వేసే ఫార్మలిన్ సీసాతో రైలెక్కకండి. తప్పూ, ప్రమాదమూ. ఒడ్డునే ల్యాబ్ ఉంటే 4 శాతం ఫార్మలిన్‌ను సముద్రపు నీటితో చేసుకుని, ఆమ్లం విరిగేందుకు కాస్త బోరాక్స్ వేసుకోవచ్చు. రైలు ప్రయాణానికైతే డెస్ ద్రావణం మేలు. 20 శాతం డైమిథైల్ సల్ఫాక్సైడు, 0.25 మోలార్ డైసోడియం ఈడీటీఏ, ఇక కరగదు అనేంతవరకు ఉప్పు, పీహెచ్ 8. మంటపట్టదు, ఘాటు వాసన ఉండదు, ఆకారం చెడదు, పైగా రేపు డీఎన్ఏ తీయాలన్నా పనికొస్తుంది. ఫార్మలిన్‌లో నానిన పురుగు నుంచి డీఎన్ఏ తీయడం పెద్ద తలనొప్పి.

కడగడం, నా పరువు పోవడం

పైన 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు) కన్నాల జల్లెడ, కింద 45 మైక్రాన్లది. కింది దానిలో మిగిలిందే మనకు కావలసింది. కొందరు 63 మైక్రాన్లది వాడతారు, సన్నటి పురుగులు కొన్ని జారిపోతాయి. ఏది వాడారో రాసిపెడితే చాలు. కంపెనీ జల్లెడ ఖరీదు. నేను స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ళ నైలాన్ బట్ట కొని పీవీసీ పైపు ముక్కకు బిగించి అతికించుకున్నాను. బట్ట అమ్మినవాడు చెప్పిన అంకెను నమ్మకుండా, మైక్రోస్కోపు కింద కన్నం కొలిచి చూసుకున్నాను.

ఇసుకైతే గిన్నెలో నీళ్ళు పోసి గిరగిరా తిప్పి, ఇసుక అడుగుకు దిగగానే పైనీళ్ళను జల్లెడలోకి వంచేయాలి. ఎనిమిది పదిసార్లు అలా చేస్తే దాదాపు అన్నీ వచ్చేస్తాయి. అచ్చం బియ్యం గాలించినట్టే, కాకపోతే ఇక్కడ మనకు కావలసింది పైకి తేలేది. బురదకు ఈ పద్ధతి చాలదు. చెత్తంతా పురుగులతో పాటే తేలుతుంది. దానికి లూడాక్స్ అనే సిలికా ద్రావణం కావాలి. సాంద్రత 1.18 దగ్గరికి పలుచన చేసి, బురదలో కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మట్టి కిందికి పోతుంది, పురుగులు పైన ఉంటాయి. మూడుసార్లు తిప్పాలి. ఒక్క జాగ్రత్త, లూడాక్స్‌కు ఉప్పునీరు తగిలితే జావలా గడ్డకడుతుంది. కాబట్టి ముందు మంచినీళ్ళతో ఉప్పంతా పోయేలా కడగాలి.

ఆ మంచినీళ్ళ దగ్గరే నాకు దెబ్బ తగిలింది.

రిటైరైన కొత్తలో కాకినాడ బురద ఒక సీసాడు ఇంట్లోనే కొళాయి కింద కడిగాను. మళ్ళీ ఫార్మలిన్‌లో వేసి, రోజ్ బెంగాల్ రంగు కలిపాను. మర్నాడు చూస్తే గులాబీరంగు పురుగుల మధ్య ఒకటి వేరుగా ఉంది. బలంగా, నున్నగా, రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. నోట్లో ఇంజక్షన్ సూదిలాంటి బోలు ఈటె. అలాంటిది సముద్రపు పురుగుల్లో నేనెప్పుడూ చూడలేదు. కొత్త ప్రజాతి (దగ్గరి జాతులను కలిపే గుంపు, జీనస్) అనుకున్నాను. గుర్తింపు పుస్తకం తెరిచి, దానికి దగ్గరగా ఏముందా అని వెతికి, దొరక్కపోయేసరికి మరీ సంబరపడి, మూడు రోజులు నిద్రలేకుండా రాసుకున్నాను. చెల్లెలికి ఫోన్ చేసి, నీ పేరు పెడతానే అని కూడా అన్నాను.

నాలుగో రోజు ఒక శిష్యురాలు వచ్చి, స్లైడు చూసి, మెల్లగా అడిగింది.

"మేడమ్, దీని తోకలో గ్రంథులు కనబడట్లేదు. మీరే కదా ముందు తోక చూడమనేది?"

కనబడట్లేదు నిజమే. సముద్రపు నులిపురుగుల్లో నూటికి తొంభై పైన తోకలో మూడు జిగురు గ్రంథులు ఉంటాయి, ఆ జిగురు తోక కొసన సన్నటి గొట్టంలోంచి బయటికి వస్తుంది. అలలకు కొట్టుకుపోకుండా ఇసుక రేణువుకు అతుక్కునేది దానితోనే. నా పురుగుకు గ్రంథులు లేవు, తల మీద వెంట్రుకలు లేవు, నోట్లో ఈటె ఉంది. మొత్తం కలిపితే డోరిలైమ్. మంచినీళ్ళలో, పొలం మట్టిలో ఉండే రకం, సముద్రంలో దాదాపు కనబడదు. అప్పుడు కొళాయి కింద బట్ట కట్టి రెండు బకెట్ల నీళ్ళు వదిలాం. ఇంకో రెండు దొరికాయి, ఈసారి కదులుతూ. మా అపార్ట్‌మెంట్ మీది ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిలో హాయిగా కాపురం చేస్తున్న జాతి అది. దాన్ని నేను బంగాళాఖాతంలో కలిపేశాను. బురద పురుగులు అప్పటికే చచ్చినవి కాబట్టి, కడిగాక మళ్ళీ ఫార్మలిన్‌లో వేయకపోయుంటే దీని కదలికే పట్టించేది.

అప్పట్నుంచి రెండు నియమాలు. కడిగే నీళ్ళను 20 మైక్రాన్ల బట్టలో వడకట్టకుండా వాడను. బొమ్మ పూర్తిగా గీసేదాకా పుస్తకం తెరవను. మొదటి రోజే బొమ్మ గీసుంటే తోక గీయాల్సి వచ్చేది, తోక గీస్తే గ్రంథులు వెతకాల్సి వచ్చేది. నేను నోటి దగ్గరే ఆగిపోయాను.

ఏరడం, గ్లిజరిన్‌లోకి మార్చడం

అడుగున గళ్ళు గీసిన పెట్రీ గిన్నెలో పోసి, స్టీరియో మైక్రోస్కోపు కింద వరసగా 100 పురుగుల్ని ఏరండి. కంటికి నచ్చినవాటిని కాదు, గడి తరువాత గడి, ఎదురుపడిన ప్రతిదాన్నీ. ఏరడానికి పళ్ళ డాక్టరు రూట్ కెనాల్‌కు వాడే సన్నటి ఫైలు అన్నిటికన్నా మంచిది. వాడి పారేసేవి అడిగితే ఇస్తారు, మరిగించి వాడుకోండి. లేదంటే అగరుబత్తి పుల్ల చెక్కి, కొసకు ఒక కనురెప్ప వెంట్రుక అతికించండి. పురుగు కిందినుంచి లేపి పైకి తీయాలి. పొడిస్తే చిల్లుపడి పేగంతా బయటికి వస్తుంది.

నీళ్ళలోంచి తిన్నగా గ్లిజరిన్‌లో వేస్తే పురుగు ఎండు మిరపకాయలా ముడుచుకుపోతుంది. 1959లో సైన్‌హోర్స్ట్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. మొదటి ద్రావణం 96 శాతం ఆల్కహాలు 20 పాళ్ళు, గ్లిజరిన్ 1 పాలు, నీళ్ళు 79 పాళ్ళు. పురుగులున్న చిన్న గాజు గిన్నెను, అడుగున ఆల్కహాలు పోసిన మూతజాడీలో పెట్టి ఒక రాత్రి 40 డిగ్రీల దగ్గర ఉంచాలి. నీళ్ళు మెల్లగా పోయి ఆల్కహాలు చేరుతుంది. మర్నాడు రెండో ద్రావణం, అంటే ఆల్కహాలు 95 పాళ్ళు, గ్లిజరిన్ 5 పాళ్ళు పోసి, మూత కొంచెం తెరిచి అదే వేడిలో కొన్ని గంటలు వదిలేయాలి. ఆల్కహాలంతా ఎగిరిపోయి, గ్లిజరిన్‌లో అద్దంలాంటి పురుగు మిగులుతుంది. ఓవెన్ లేదని బాధపడకండి. మే నెలలో మా మేడమీది గది చాలు. వంటింటి ఛాయలకు మాత్రం వద్దు, ఆల్కహాలు ఆవిరికి పొయ్యి దూరం నుంచే అంటుకుంటుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. గ్లిజరిన్ గాల్లో తేమను తాగేస్తుంది.

స్లైడుకు మైనపు ఉంగరం వేయడం సులువే. 15 మిల్లీమీటర్ల రాగి గొట్టం ముక్కను వేడిచేసి మైనంలో ముంచి, స్లైడు మీద ముద్ర కొట్టాలి. మధ్యలో ఆవగింజంత గ్లిజరిన్ బొట్టు, అందులో అడుగుకు ఆనేలా పురుగు, పక్కన పురుగంత మందమున్న గాజు పూసలు మూడు. పూసలు మరిస్తే కవర్ స్లిప్ బరువుకు పురుగు అప్పడం అవుతుంది, వెడల్పు కొలత తప్పుతుంది. కవర్ స్లిప్ వేసి కొద్దిగా వేడి చేస్తే మైనం కరిగి చుట్టూ మూసుకుంటుంది.

చూడటం

ఇక్కడ తొందర పనికిరాదు. 10 రెట్ల లెన్సుతో మొదలుపెట్టి, 40కి వెళ్ళి, చివరికి నూనె వేసి 100తో చూడాలి. పారదర్శకమైనవాటి అంచులను తేల్చి చూపే ఖరీదైన డీఐసీ మైక్రోస్కోపు ఉంటే అదృష్టం. మామూలు దానితో అయితే కండెన్సర్ డయాఫ్రం బాగా మూయండి, గీతలు తేలతాయి. కాలేజీలో మేం నేర్పేది దీపం ఫుల్లుగా పెట్టి చూడమని. ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి.

నేను తోకనుంచి మొదలుపెడతాను, ఎందుకో పైన చదివారు. కొసన జిగురు గొట్టం ఉందా, గ్రంథులు మూడూ కనబడ్డాయా. తోక ఆకారం శంకువా, గదలా కొస ఉబ్బిందా, దారంలా సాగిందా. గీయండి.

తరువాత చర్మం, అదే క్యూటికిల్. నున్నగా ఉందా, అడ్డగీతలున్నాయా, చుక్కలున్నాయా. చుక్కలుంటే పక్కల్లో పెద్దవా, అంతటా ఒకేలా ఉన్నాయా. గీయండి.

ఆ తరువాత ఆంఫిడ్. తలకు రెండు పక్కలా ఒక్కోటి ఉండే వాసన పసిగట్టే అవయవం ఇది. గుర్తింపులో సగం పని ఇదే చేసిపెడుతుంది. అయినా పదిమంది పిల్లల్లో ఎనిమిది మంది "మేడమ్, దీనికి ఆంఫిడ్ లేదు" అంటారు. ఉంటుంది. వాళ్ళు ఫోకస్ పురుగు నడిమధ్యలో పెట్టి, గ్రసని (నోటికీ పేగుకూ మధ్య గొట్టం), పేగు చూస్తూ కూర్చుంటారు. ఆంఫిడ్ చర్మం మీద ఉంటుంది. ఫైన్ అడ్జస్ట్‌మెంట్‌ను వెంట్రుకవాసి తిప్పి పైపొర దగ్గర ఆపండి. పురుగు పక్కకు తిరిగి పడుకుని ఉంటే అది ఎదురుగా కనబడుతుంది, వీపు మీదుంటే అంచున చిన్న నొక్కులా మాత్రమే కనబడుతుంది. అలాంటప్పుడు మరో పురుగు చూసుకోండి.

ఆంఫిడ్ ఆకారాలకు నేను పెట్టుకున్న వాడుక పేర్లు ఇవి. 'ఇడే' అని ముగిసేవి కుటుంబాల పేర్లు, 'ఇడా' అని ముగిసేవి వాటి పైమెట్టు, అంటే క్రమాల పేర్లు. చక్కిలంలా చుట్టలు తిరిగి ఉంటే క్రోమడోరియా తరగతిలో కొన్ని కుటుంబాలు, ముఖ్యంగా కొమెసోమాటిడే. గాజులా గుండ్రంగా ఉంటే మోన్‌హిస్టెరిడా వైపు చూడండి. గొడుగు పిడిలా వంపు తిరిగితే ఆక్సోనోలైమిడే. చొక్కా జేబులా, పైన నోరు తెరిచి ఉంటే ఎనోప్లిడా. నిలువుగా పొడుగాటి గాటు, మెడ మరీ సన్నం, నోరన్నదే లేనట్టుంటే అది హలలైమస్, మొదటి రోజు నుంచే మీరు ధైర్యంగా చెప్పగలిగిన కొద్ది పేర్లలో ఒకటి.

తల మీద వెంట్రుకలు మూడు వరసలు: ఆరు, ఆరు, నాలుగు. చాలావాటిలో చివరి రెండు వరసలు కలిసిపోయి పదిగా కనబడతాయి. మొదటి ఆరు ఒక్కోసారి మొటిమలంత చిన్నవి. లెక్కపెట్టి గీయండి, ఏది పొడుగో గుర్తు పెట్టండి.

నోరు. 1953లో వీజర్ నోటిని బట్టి తిండిని నాలుగు రకాలుగా విడగొట్టాడు. నోటి గది లేనిది 1ఏ, గది ఉండి పళ్ళు లేనిది 1బి, చిన్న పళ్ళతో గీకి తినేది 2ఏ, పెద్ద పళ్ళు, దవడలతో వేటాడేది 2బి. పని సులువు చేస్తుంది కాబట్టి అందరూ వాడతారు. నేనూ వాడతాను, కానీ నోరు చూసి కడుపులో ఏముందో చెప్పేయడం నాకు పూర్తిగా మింగుడు పడదు. పెద్ద పళ్ళున్నది చచ్చిన పీత పీనుగు చుట్టూ మూగుతుంది కూడా.

ఆఖర్న జననాంగాలు. ఆడదైతే అండాశయాలు ఒకటా రెండా, తిన్నగా చాచి ఉన్నాయా, వెనక్కి మడిచి ఉన్నాయా. ఎనోప్లిడా, క్రోమడోరిడాల్లో మడత, మోన్‌హిస్టెరిడాలో చాపు. అండాశయం పేగుకు కుడివైపా ఎడమవైపా అన్నది కూడా పనికొస్తుందని 1981లో లోరెంజెన్ చూపించాడు. మగదైతే స్పిక్యూల్స్ (జతకట్టేటప్పుడు వాడే గట్టి ముళ్ళు), వాటి కింద ఆనుడు ముక్క, అవస్కరం (మలమూ వీర్యమూ బయటికి వచ్చే రంధ్రం) ముందు వరసగా ఉండే చిన్న గుంటలు. జాతిదాకా పోవాలంటే మగది దాదాపు తప్పనిసరి. పిల్ల పురుగు దొరికితే ప్రజాతి దగ్గర ఆగిపోండి, ఇబ్బందేమీ లేదు.

కొలతలు

కంటికటకంలోని స్కేలును ముందు స్టేజి మైక్రోమీటరుతో సరిచూసుకోవాలి. అందులో ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసి ఉంటారు, ఒక్కోటి 10 మైక్రాన్లు. ప్రతి లెన్సుకూ విడిగా సరిచూడాలి. వంపు తిరిగిన పురుగు పొడవు బొమ్మలో నడిమి గీత వెంట దారం పరిచి కొలవండి, తలనుంచి తోకకు తిన్నగా స్కేలు పెట్టకండి.

డచ్ శాస్త్రవేత్త డి మాన్ పెట్టిన నిష్పత్తులు ఇప్పటికీ అవే. నా నోటుబుక్కులోంచి ఒక ఆడ పురుగు: పొడవు 1800 మైక్రాన్లు, గరిష్ఠ వెడల్పు 60, గ్రసని 200, తోక 150, పాయువు దగ్గర వెడల్పు 50, తలనుంచి జనన రంధ్రం 900. పొడవును వెడల్పుతో భాగిస్తే ఏ, అంటే 30. గ్రసనితో భాగిస్తే బి, 9. తోకతో భాగిస్తే సి, 12. తోకను పాయువు వెడల్పుతో భాగిస్తే సి ప్రైమ్, 3. జనన రంధ్రం 50 శాతం దగ్గర. ఒకే జాతిలోనూ ఇవి అటూ ఇటూ ఊగుతాయి కాబట్టి ఒక్క పురుగు కొలిచి ఊరుకోకండి, పది కొలవండి.

ఈ పురుగు ఎవరో ఇప్పుడు చూద్దాం. తోక మొదట శంకువు, తరువాత స్తంభం, కొసన చిన్న ఉబ్బు, గ్రంథులు మూడూ ఉన్నాయి. చర్మం మీద సన్నటి చుక్కలు. ఆంఫిడ్ చక్కిలం, రెండు చుట్టలు దాటింది. తల వెంట్రుకల్లో చివరి నాలుగూ పొడుగు. నోరు చిన్న కప్పు, పళ్ళు లేవు. అండాశయాలు రెండు, రెండూ చాచినవి. బొమ్మ ఇంతదాకా వచ్చాక పుస్తకం తెరిచాను. చక్కిలం ఆంఫిడ్, చుక్కలు, చాచిన అండాశయాలు కలిస్తే కొమెసోమాటిడే. పళ్ళు లేని కప్పు నోరు కాబట్టి సబాటియేరియా. అదే కుటుంబంలో డోరిలైమాప్సిస్ కూడా మన బురదలో బాగా దొరుకుతుంది. దాని నోరు గొట్టంలా ఉండి మొదట్లో మూడు పళ్ళు కనబడతాయి. పేరు వినగానే డోరిలైమ్ అనుకునేరు, ఏ సంబంధమూ లేదు. సబాటియేరియా ఆక్సిజన్ తక్కువైన నల్లబురదలోనూ తట్టుకుంటుంది. మా చెల్లెలు తెచ్చే సీసా మూత తీయగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసనొస్తే, ఇది ఉంటుందని ముందే అనుకుంటాను.

పుస్తకం అన్నానుగా, అది ప్లాట్, వార్విక్‌లు బ్రిటన్ పురుగులకు వేసిన బొమ్మల కీ, అంటే లక్షణాలు ఒక్కోటీ చూసుకుంటూ పేరు దాకా నడిపించేది. 1983, 1988, 1998ల్లో మూడు భాగాలుగా వచ్చింది. ప్రజాతి దాకా మన తీరానికీ పనికొస్తుంది. జాతి దగ్గర మాత్రం దాన్ని నమ్ముకోకండి. బ్రిటన్ పేరును కాకినాడ పురుగుకు తగిలించిన జాబితాలు చాలానే చూశాను. ప్రజాతి తెలిశాక, నెమిస్ అనే అంతర్జాల పట్టికలో ఆ ప్రజాతి జాతులన్నీ చూసి, అసలు వర్ణనలు ఒక్కోటీ తెచ్చుకుని పోల్చాలి. ఏదీ సరిపోకపోతే "సబాటియేరియా జాతి 1" అని రాసి స్లైడు దాచండి. వెంటనే కొత్త జాతి అనకండి. నా ట్యాంకును తలుచుకోండి.

తికమక పడేచోట్లు

డాప్టొనెమా, థెరిస్టస్. రెండింటికీ గుండ్రటి ఆంఫిడ్, శంకువు నోరు, ముందువైపు ఒకే అండాశయం, అదీ పేగుకు ఎడమన. తేడా తోక కొసలో. పొడుగాటి వెంట్రుకలుంటే డాప్టొనెమా, ఏమీ లేకుండా మొనదేలితే థెరిస్టస్. ఏరేటప్పుడు ఆ వెంట్రుకలు విరిగిపోతే మీ ఖర్మ. ఒక్క పురుగును చూసి చెప్పొద్దనేది అందుకే.

ఆంకోలైమస్, విస్కోసియా. పెద్ద నోరు, మూడు పళ్ళు. ఎడమ కిందిపన్ను పెద్దదైతే ఆంకోలైమస్ వైపు, కుడిదైతే విస్కోసియా. ఎవరి ఎడమ అని అడుగుతారు పిల్లలు. పురుగుది. ముందు పాయువు, జనన రంధ్రం ఉన్న వైపు పొట్ట అని తేల్చుకుని, తల ఎటుందో చూసి, మీరే ఆ పురుగులా బోర్లా పడుకున్నట్టు ఊహించుకోండి. మా డ్రాయింగ్ రూములో చాప వేసి ఒక అబ్బాయిని నిజంగానే పడుకోబెట్టాను. మళ్ళీ ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

టెర్షెలింజియాను ఒకసారి చూస్తే మరవరు. గుండ్రటి ఆంఫిడ్ దాదాపు పెదవుల దగ్గరే, నోరు లేనట్టే, గ్రసని చివర బంతిలాంటి ఉబ్బు, దారం తోక.

మీ పాత నోట్సులో నులిపురుగుల రెండు పెద్ద వర్గాలకు ఆఫాస్మీడియా, ఫాస్మీడియా అని ఉంటే కంగారుపడకండి, ఏళ్ళ తరబడి క్లాసులో నేను చెప్పింది అదే. తరువాత అడెనోఫోరియా, సెసెర్నెంటియా అన్నారు. డీఎన్ఏ వచ్చాక, 2000 తరువాత, ఎనోప్లియా, క్రోమడోరియా అని రెండు తరగతులు చేశారు. ఏలికపాము ఇప్పుడు క్రోమడోరియాలోనే, మన సబాటియేరియాతో ఒకే గూటిలో ఉంది.

స్లైడు అంచులకు చివరగా గోళ్ళ రంగు రెండు పూతలు వేయండి. నేను కాకినాడ స్లైడ్లకు ఎరుపు, వాడరేవు స్లైడ్లకు నీలం వేస్తాను, పెట్టె తెరవగానే ఏ ఒడ్డుదో తెలిసిపోతుంది. ట్యాంకు పురుగు స్లైడు కూడా పెట్టెలో మొదటి గాడిలోనే ఉంది, దానికి ఏ రంగూ వేయలేదు. కొత్తగా వచ్చే పిల్లలకు ముందు దాన్నే ఇచ్చి, గీసి తీసుకురమ్మంటాను.